పదమూడూ పదీ

అనంతపురం

చిట్టితల్లికి,

రెండు జాబితాలను సరిపోల్చే ప్రోగ్రాము ఆఫీసులో నువ్వొక్కదానివే రాస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొద్దున వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఒక ఫైలు విండోస్ కంప్యూటరు నుంచి, ఇంకొకటి లినక్స్ కంప్యూటరు నుంచి వస్తాయట కదా. కంటికి ఒకేలా ఉన్నా ప్రోగ్రాము ప్రతి పంక్తీ తేడా అంటుంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మేము మీట తోస్తే క్యారేజీ పంక్తి మొదటికి వచ్చేది, కాగితం పైకి జరిగేది. ఆ రెండు పనులకు కంప్యూటరు పంక్తి చివర పెట్టే గుర్తులు రెండు, వాటి నంబర్లు 13, 10. విండోస్ రెండూ రాస్తుంది, లినక్స్ 10 ఒక్కటే. పాత మ్యాక్ కంప్యూటర్లు 13 ఒక్కటే రాసేవి. ముందు 13-10 జంటను 10గా మార్చు, ఆ తర్వాతే ఒంటరి 13లను. క్రమం తిరగేశావో, ప్రతి పంక్తి కిందా ఖాళీ పంక్తి పుడుతుంది. ఇదంతా నీకు తెలిసిందే.

నా భయం వేరు. వేరుశనగ పంట బీమా రోజుల్లో నాకూ ఇదే పని పడింది. రైతుల విస్తీర్ణాలు, పంక్తికొక అంకె. జాబితాలు ఎంతకీ కలవవు. సాయంత్రం అయిదయింది, అధికారి నెత్తిన నిలుచున్నాడు. విసుగెత్తి పంక్తి గుర్తులన్నీ పీకేసి పోల్చాను. రెండూ ఒకటే అంది. సంతకం పెట్టి టీకి వెళ్లాను.

ఒకదానిలో 1, దాని కింద 12. రెండోదానిలో 11, దాని కింద 2. గుర్తులు పీకేస్తే రెండూ 112! పన్నెండెకరాల రైతుకు రెండెకరాల పరిహారమే పడింది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చాడు, పాసుపుస్తకం కండువాలో చుట్టుకుని. అరిచినా బాగుండేది. "నా పదెకరాలు ఏమైపోయాయి సారూ" అని మెల్లగా అడిగాడు. సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. ఎకరం రైతు పదకొండెకరాల డబ్బు అప్పటికే ఖర్చు పెట్టేశాడు, అది వేరే రామాయణం.

అందుకే గుర్తును మార్చు, తీసెయ్యకు. ఖాళీలన్నీ చెరిపేసే అడ్డదారీ వద్దు. చిన్నప్పుడు లెక్కల్లో మధ్య మెట్లు ఎగ్గొట్టేదానివి. నీ చెవి మెలేసిందీ నేనే, ఆనక వేరుశనగ చిక్కీ కొనిపెట్టిందీ నేనే.

అసలు ఫైళ్లను ముట్టకు, నకళ్ల మీద చెయ్యి. చిట్టచివరి పంక్తి గుర్తు ఒక ఫైల్లో ఉండి ఇంకోదానిలో లేకపోతే అది తేడానా కాదా? మీ అధికారిని అడుగు, జవాబు కాగితం మీద తీసుకో. నోటిమాట నమ్మకు.

ప్రోగ్రాము అయ్యాక ఆ 1, 12 జాబితానూ 11, 2 జాబితానూ దానికి ఇచ్చి చూడు. ఏమందో వెంటనే ఫోను చెయ్యి. తొమ్మిదికే పడుకుంటాను, అయినా చెయ్యి.

మీ పెదనాన్న