అల్లుడిది ఏ ఊరో ముందు చూసుకో

బుజ్జీ,

అల్లుడు రోజూ కంచం ముందు కూర్చుని వాళ్ళమ్మ వంట తలచుకుంటున్నాడని రాశావు. న్యూజెర్సీలో ఉంటూ కొలంబియా తిండి దొరకడం లేదంటే నేనొప్పుకోను. వెతికే పద్ధతి మార్చు.

ఇండియన్ రెస్టారెంట్ అని బోర్డు చూసి లోపలికెళ్తే మనకు ఉలవచారు పెడతారా? ఇదీ అంతే. అతనిది కొలంబియాలో మెదెయీన్ నగరం, అంటే ఆంతియోకియా ప్రాంతం వైపు. వాళ్ళ అరేపా, అంటే మొక్కజొన్న రొట్టె, తెల్లగా, చాలాచోట్ల ఉప్పు కూడా లేకుండా చప్పగా ఉంటుంది. లోపల గుడ్డు పెట్టి నూనెలో వేయించేది కరీబియన్ తీరం వాళ్ళది. మధ్యకు కోసి మాంసం కూరేది వెనిజులా పద్ధతి. అవి పెట్టి, నీ ఊరి తిండే కదా అంటే పాపం ఏం చెప్తాడు?

ఓ శనివారం పొద్దున్నే ఇద్దరూ న్యూయార్క్ క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్‌కు రండి. 74వ వీధిలో మన పప్పులు, కరివేపాకు కొనుక్కుని, రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద రైలు వంతెన కిందే 82వ వీధి వైపు నడవండి. అక్కడ కొలంబియా వాళ్ళు ఎంతమందంటే, వాళ్ళ రాజధాని బొగొటాలోని చపినేరో పేట పేరు మీద ఆ చుట్టుపక్కలకు చపినెరీతో అని ముద్దుపేరు పడింది. ముందు బేకరీకి వెళ్ళండి. పాన్‌దెబోనో అని, కర్రపెండలం పిండిలో చీజ్ కలిపి కాలుస్తారు. వేడి మీద తుంచితే లోపల మెత్తగా సాగుతుంది, చల్లారితే రబ్బరే. అద్దాల అరలో ఉన్నది తీసుకోకు, ఓవెన్‌లోంచి కొత్త ట్రే వచ్చేదాకా ఆగు.

భోజనానికి మధ్యాహ్నమే వెళ్ళాలి. ముందు సూప్, తర్వాత అన్నం, మాంసం, వేయించిన అరటిపండు వస్తాయి. జ్యూస్ నీళ్ళతోనా, పాలతోనా అని అడిగారంటే సరైన చోటుకే వచ్చినట్టు. అహీ అనే కారం పచ్చడి విడిగా పెడతారు. కూరల్లోనే కారం దట్టించారంటే నాకైతే అనుమానమే. నువ్వు మాంసం తినవు కదా, రాజ్మాలాంటి బీన్స్ ఉన్నాయిలే అని ధీమాగా ఉండకు. వాటిలో పంది మాంసం వేసి ఉడికించడం మామూలే, ముందే అడుగు.

బొగొటా వాళ్ళ చికెన్ సూప్ అహియాకో కూడా అల్లుడికి ఇష్టమన్నావు. అందులో గువాస్కస్ అనే ఎండు ఆకు పడాలి, పసుపుపచ్చ చిన్న బంగాళాదుంపలు కరిగి సూప్ చిక్కబడాలి. ఆ ఆకు లేకపోతే అది ఉత్త చికెన్ సూప్. అక్కడి కిరాణా కొట్లలో ఆకు ప్యాకెట్లలో, దుంపలు ఫ్రీజర్‌లో దొరుకుతాయి.

ఇంట్లో అరేపా చేయాలంటే ముందే ఉడికించి ఆరబెట్టిన మొక్కజొన్న పిండి, మాసారేపా, అడిగి తీసుకో. మెక్సికో వాళ్ళ టోర్టిల్లా పిండి సున్నంతో ఉడికించిన మొక్కజొన్నది, రుచి వేరు. పనేలా మాత్రం కొనకు, అది మన చెరకు బెల్లమే. నీళ్ళలో మరిగించి, అందులో చీజ్ ముక్క వేసి వేడివేడిగా ఇవ్వు.

కారు తేకండి, పార్కింగ్ వెతకలేక చస్తారు. రైల్లో రండి, స్టేషన్‌కు నేనొస్తాను.

మీ పెద్దమ్మ