పెరట్లో ట్రాంపోలిన్: కడగడం సరే, ముందు కిందికి దూరి చూడండి

మొన్న మా పక్క వీధిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఈ ఇంట్లో ఇంతకుముందు ఉన్నవాళ్లు పెరట్లో పెద్ద ట్రాంపోలిన్, అదే పిల్లలు ఎక్కి గెంతే స్ప్రింగుల చట్రం, వదిలేసి పోయారు. దాన్ని చూసిన దగ్గర్నుంచి పిల్లల కాళ్లు నేల మీద నిలవడం లేదు. చూస్తే దాని నిండా ఆకులూ పిట్టల రెట్టలే. నీళ్లను బలంగా చిమ్మే ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చి ఒక్కసారి కొట్టేద్దామా?" అని అడిగింది.

"ఆగు తల్లీ, కొట్టకు" అన్నాను. ఎందుకంటే ఆ ఘనకార్యం నేను చేసి ఉన్నాను. ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరో ఇస్తే తెచ్చుకున్న ట్రాంపోలిన్‌ని ప్రెషర్ వాషర్‌తో ఉతికి ఆరేశాను. కొత్తదానిలా నల్లగా నిగనిగలాడింది. ఇంకో వారానికి అంచుల్లో కుట్టు దారాలు పీచులా లేచాయి, నెల తిరక్కుండానే ఒకచోట రింగు ఊడి చేతికొచ్చింది. అప్పుడు పైన పిల్లలెవరూ లేకపోవడం మా అదృష్టం.

మనం గెంతే ఆ నల్ల మ్యాట్ పాలిప్రొపిలీన్ అనే ఒక రకం ప్లాస్టిక్ దారాలతో గట్టిగా నేసిన గుడ్డ. నడిమధ్య భాగం అంత త్వరగా పాడవదు. దాని ప్రాణమంతా అంచు చుట్టూ ఉన్న పట్టీలో, ఆ పట్టీకి కుట్టిన ఇనప రింగుల్లో, వాటిని పట్టుకున్న దారంలో ఉంటుంది. ఎండ తినేది ముందు ఆ దారాన్నే. ఎండకు ఎండి బలహీనపడ్డ కుట్టు మీద ప్రెషర్ వాషర్ ధార కొడితే మిగిలిన బలం కూడా పోతుంది. బ్లీచ్ పోసినా ఇంతే సంగతి.

కొత్తగా వచ్చినవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే. ట్రాంపోలిన్ కడిగేది అందంగా కనిపించడానికి కాదు, మురికి కింద ఏం పాడైందో కంటికి కనబడడానికి. అందుకే నీళ్లు ముట్టుకోకముందు చేయాల్సిన పని ఒకటుంది. పొడి చీపురుతో ఆకులు, పుల్లలు ఊడ్చేసి, పిల్లల్ని ఇంట్లోకి పంపేసి, కిందికి దూరి వెల్లకిలా పడుకోండి. బాగా ఎండ ఉన్న మధ్యాహ్నమైతే ఇంకా మంచిది. కింద నుంచి చూస్తే మ్యాట్ నేత అంతా ఒకే రకంగా సన్నటి జల్లెడలా కనిపించాలి. ఎక్కడైనా చుక్కలా వెలుగు పొడుచుకొచ్చిందంటే అక్కడ చిల్లు పడిందన్నమాట. టపాకాయ నిప్పురవ్వ పడినా, పెరట్లో గ్రిల్ నుంచి నిప్పు కణిక ఎగిరొచ్చి పడినా ఇలాంటి చిల్లులే పడతాయి. చిన్నదేగా అని అతుకు వేసి ఊరుకోవద్దు. గెంతిన ప్రతిసారీ బరువంతా ఆ చిల్లు అంచుల మీదే పడి అది పెరుగుతూ పోతుంది. చిల్లు పడ్డ మ్యాట్‌కి మందు కొత్త మ్యాటే. ఫ్రేమ్, స్ప్రింగులు బాగుంటే మ్యాట్ ఒక్కటే విడిగా దొరుకుతుంది.

ఆ తర్వాత అంచు పట్టీ దగ్గరికి రండి. కుట్టు మీద గోటితో కాస్త గట్టిగా గీకండి. మంచి దారం గోటికి గట్టిగా తగిలి ఊరుకుంటుంది. ఎండకు చచ్చిన దారమైతే గోటి సందులోకి బూడిదలాంటి పొడి వస్తుంది. పొడి వచ్చిందా, ఇక కడిగే శ్రమ పెట్టుకోకండి. శుభ్రంగా ఉన్న పాడైపోయిన మ్యాట్ మురికిగా ఉన్నదానికన్నా ప్రమాదం. చూడ్డానికి బాగుందిగా అని అందరం నమ్మేస్తాం.

ఈ పరీక్ష నెగ్గితే కడగడం ఎంతసేపు! బకెట్ గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి పొడుగు కర్ర బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు రుద్దుకుంటూ రండి. ఒక్కరే ఎక్కండి, అదీ చెప్పుల్లేకుండా. సబ్బు నీళ్ల మీద ఆ మ్యాట్ ఎంత జారుతుందో ఎక్కితే గానీ తెలియదు. తర్వాత మామూలు హోస్ పైపుతో పైనుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి నీళ్లు కొట్టండి. నేత సందుల్లో ఇరుక్కున్న దుమ్ము కింద నుంచి కొడితేనే బయటికొస్తుంది. సబ్బు పూర్తిగా పోయి, పూర్తిగా ఆరే వరకు పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. నేల తుడిచే ఘాటు లిక్విడ్లు, జిడ్డు వదిలించే స్ప్రేలు దీని దగ్గరికి తేకండి.

పిట్టల రెట్టలు మాత్రం వేరే లెక్క. ఎండిపోయినవాటిని గరిటెతో గీకితే పొడి లేచి ముక్కులోకి పోతుంది, అది మంచిది కాదు. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, సబ్బు నీళ్లలో ముంచిన పాత గుడ్డ దాని మీద పది నిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడి దానంతటదే వచ్చేస్తుంది. చెట్టు నీడన ఉన్నవాటికి పచ్చగా పాచి పడుతుంది. దానికి తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్ది బాగా కడిగేయండి. అది స్ప్రింగుల మీద పడకుండా చూసుకోండి. స్ప్రింగులకు పైన ఉన్న జింక్ పూతకు వెనిగర్ పడదు, ఆ పూత పోతే తుప్పు మొదలవుతుంది.

ఇక తుప్పు సంగతి. చాలామంది వాన వల్ల తుప్పు పడుతుందనుకుంటారు. నా అనుభవంలో అసలు దొంగ స్ప్రింగుల మీద కప్పే రంగురంగుల ప్యాడ్. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఎండకు పెళుసై పగులుతుంది. ఆ పగుళ్లలోంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి. వాన వెలిసి మూడు రోజులైనా ఆ ప్యాడ్ తడి గుడ్డలా స్ప్రింగుల మీదే పడి ఉంటుంది. నేను ఒకసారి ప్యాడ్ ఎత్తి పిండితే మోచేతి దాకా మురికి నీళ్లు కారాయి, దాని కింద వరసగా ఏడెనిమిది స్ప్రింగులు ఎర్రగా మారి ఉన్నాయి. పక్కన ప్యాడ్ బాగున్న చోట స్ప్రింగులు మెరుస్తున్నాయి. అప్పట్నుంచి వాన తెరిపిచ్చాక ప్యాడ్ కట్లు విప్పి, ఫెన్స్ మీద ఆరేసి మళ్లీ కట్టడం నాకు అలవాటైపోయింది. తొడుగు పగిలితే టేపులు వేయకుండా ప్యాడ్ మార్చేస్తాను. పిల్లల కాళ్లకూ స్ప్రింగులకూ మధ్య ఉన్నది అదొక్కటే.

స్ప్రింగు బాగుందో లేదో తెలుసుకోవడానికి దాన్ని ఊడదీసి చేతిలో పట్టుకోండి. లాగకుండా వదిలేసినప్పుడు దాని చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. చుట్ల మధ్య నుంచి వెలుతురు కనబడితే అది సాగిపోయింది, ఇక దాని పని అయిపోయింది. కొత్తది కొనేటప్పుడు కొలత కూడా ఇలా ఊడదీసిన స్ప్రింగుకే తీయాలి, ఈ కొస కొక్కెం నుంచి ఆ కొస కొక్కెం దాకా. ట్రాంపోలిన్‌కి తగిలించి ఉండగా కొలిస్తే సాగిన పొడుగు వస్తుంది, తెప్పించిన స్ప్రింగు ఒక్కటీ సరిపోదు. ఒకటి రెండు పోతే అవే మార్చుకోండి. పదీ పన్నెండు సాగి ఉంటే మొత్తం సెట్టు మార్చడమే నయం, లేకపోతే మ్యాట్ ఒకవైపు వదులుగా, ఇంకోవైపు బిగుతుగా ఉండి గెంతినవాళ్లను పక్కకు విసురుతుంది.

ఊడదీయడానికి కొక్కెం ఉన్న చిన్న పనిముట్టు ఉంటుంది, చేత్తో లాగకండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోవాల్సిందే, జారితే స్ప్రింగు తూటాలా వస్తుంది. తిరిగి బిగించేటప్పుడు వరసగా ఒకదాని పక్కన ఒకటి తగిలించుకుంటూ పోతే చివరి పది మిగిలేసరికి మీ తాత దిగొచ్చినా అవి అందవు. నులక మంచం బిగించినట్టు ఎదురెదురుగా లాక్కుంటూ రావాలి. గడియారం మీద పన్నెండు దగ్గర ఒకటి, ఆరు దగ్గర ఒకటి, తర్వాత మూడు, తొమ్మిది, ఆ తర్వాత వాటి మధ్యవి. కీచుమని చప్పుడొస్తోందని నూనె పోసేవాళ్లున్నారు. దానికి దుమ్ము అంటుకుని జిగురవుతుంది, మ్యాట్ మీద, పిల్లల సాక్సుల మీద మరకలవుతాయి. సిలికాన్ స్ప్రే కాస్త గుడ్డకు కొట్టి కొక్కేల దగ్గర తుడిస్తే చాలు.

ఫ్రేమ్ మీద పైపైన తుప్పుంటే వైర్ బ్రష్‌తో గీకి, తుడిచి, జింక్ స్ప్రే కొట్టండి. గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరే జాయింట్ల దగ్గర, కాళ్లు నేలను తాకే చోట తుప్పు లోపలి నుంచి తింటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ వెనక భాగంతో తట్టి చూడండి. ఖంగున మోగితే పర్వాలేదు. పెచ్చులు రాలినా, వెల్డింగ్ దగ్గర సన్నటి గీత కనబడినా ఆ ఫ్రేమ్‌కి దండం పెట్టేయండి. మళ్లీ వెల్డింగ్ చేయించుకుని వాడదామనే ఆలోచన వద్దు. జింక్ పూత ఉన్న గొట్టాన్ని వెల్డ్ చేస్తే వచ్చే పొగ ఆరోగ్యానికి మంచిది కాదు, చేసినా ఆ అతుకును నమ్మి పిల్లల్ని ఎక్కించలేం.

చుట్టూ ఉండే నెట్ అన్నిటికన్నా ముందు పోతుంది, ఎండ దానికి నాలుగు వైపులా తగులుతుంది మరి. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగండి. పర్రుమని చిరిగితే చిరగనివ్వండి, మీ చేతుల్లో చిరగడమే నయం. బాగుంటే ఊడదీసి టబ్బులో చల్లటి నీళ్లు, సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరేయండి, డ్రయర్లో వేయొద్దు. అన్నట్టు, నెట్ కర్రలకు పైన మూతలు ఊడిపోతే ఆ గొట్టాల్లో కందిరీగలు కాపురం పెడతాయి. ప్యాడ్ కింద కూడా వాటికి చాలా ఇష్టం. పిల్లలు ఎక్కే ముందు పెద్దవాళ్లు ఒక చుట్టు తిరిగి చూడండి.

గాలి గురించి మా పక్కింటి ఫెన్స్ చెప్పాలి. మేకులు తర్వాత కొడదాంలే అని వాయిదా వేశాం. ఒక రాత్రి గాలివానకు మాది చక్రంలా దొర్లుకుంటూ పోయి దాని మీద పడింది. నెట్ ఉన్న ట్రాంపోలిన్ గాలికి తెరచాపతో సమానం. భూమిలోకి తిప్పి దించే స్క్రూ మేకులు ప్రతి కాలికీ వేయండి. తుఫాను వార్త వింటే నెట్ దించేయండి. ఇసుక బస్తాలు పెడితే కాళ్ల మీద పెట్టండి, మ్యాట్ మీద కాదు. మంచు పడే చోట ఉంటే శీతాకాలానికి ముందే నెట్, ప్యాడ్ తీసి లోపల పెట్టుకోవాలి. బరువైన తడి మంచు పేరుకుంటే స్ప్రింగులు సాగుతాయి, మెత్తటి చీపురుతో తోసేయండి. ఇనప పార మాత్రం తాకించకండి. పైన కప్పే కవర్ కొంటే నీళ్లు దిగడానికి మధ్యలో చిల్లులున్నది కొనండి, లేకపోతే అది దోమల చెరువు అవుతుంది.

ఇంత పని ఈ వస్తువుకు ఎందుకంటే ఇది మొదట ఎండావానల్లో వదిలేయడానికి పుట్టింది కాదు. 1930లలో అమెరికాలోని అయోవాలో జార్జ్ నిసెన్ అనే జిమ్నాస్ట్, సర్కస్‌లో ఊయల ఆటగాళ్లు కింద కట్టిన వలలో పడి ఎగిరి లేవడం చూసి తయారుచేసుకున్న సాధన పరికరం. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లోనూ ఉంది. అక్కడ అది కోచ్ కళ్ల ముందు, హాల్లో ఉంటుంది. మన పెరట్లో దానికి కాపలా మనమే.

పిల్లల డాక్టర్లకు ఇది అసలే నచ్చదని కూడా తెలుసుకోండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1999లోనూ, మళ్లీ 2012లోనూ ఇంట్లో ట్రాంపోలిన్ వద్దనే చెప్పింది. దెబ్బల్లో నాలుగింట మూడు వంతులు ఒకరికన్నా ఎక్కువమంది ఒకేసారి గెంతినప్పుడే తగులుతున్నాయని, అందులోనూ చిన్నపిల్లలే ఎక్కువ దెబ్బతింటారని 2012 ప్రకటనలో రాసింది. నెట్ ఉందిగా అనే ధీమా కూడా పనికిరాదని ఆ డాక్టర్ల మాట. మా ఇంట్లో అందుకే ఒక్కరే ఎక్కే రూలు, ఆరేళ్ల లోపు పిల్లలకు అసలు ప్రవేశం లేదు. ఆ రూలు మీద జరిగినన్ని గొడవలు ఇంకే విషయం మీదా జరగలేదు. పైన ఒకరు గెంతుతుంటే కింద ఎవరూ దూరకూడదు, కుక్క కూడా.

అద్దె ఇల్లయితే ఓనర్‌ని, సొంత ఇల్లయితే ఇన్సూరెన్స్ కంపెనీని ఒక్క మాట అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పక్కింటి పిల్లాడు మన పెరట్లో చెయ్యి విరగ్గొట్టుకున్నాక పాలసీ కాగితాలు వెతుక్కునే టెన్షన్ ఎవరికీ వద్దు.

మొన్నటి అమ్మాయి వాళ్లింటికి శనివారం వెళ్లాను. ఇద్దరం కింద పడుకుని చూశాం. మ్యాట్ నిక్షేపంలా ఉంది, గోటికి పొడి రాలేదు. స్ప్రింగులు తొమ్మిది సాగి ఉన్నాయి, ప్యాడ్ పాడైంది. నెట్ నేను పట్టుకోగానే పర్రున చిరిగింది. అది చూసి వాళ్ల చిన్నోడు నన్ను దొంగని చూసినట్టు చూశాడు. కొత్త నెట్, ప్యాడ్, స్ప్రింగులు వచ్చే వారం వస్తాయట. అందాకా మ్యాట్ విప్పి గ్యారేజ్‌లో పెట్టేశాం, ఎందుకంటే "ఎక్కొద్దు" అన్న మాట ఆ ఇద్దరు పిల్లల దగ్గర ఒక పూట కూడా నిలవదని వాళ్లమ్మకు బాగా తెలుసు.