ఏఐ వచ్చేసింది కదా, ఇంకా స్కానింగ్ కోర్సు ఎందుకని అడుగుతున్న తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీలో చేరతానని పట్టుబడుతోంది. ఎక్స్‌రేలు, స్కాన్లు ఇకమీదట ఏఐ చదివేస్తుందని, ఆ ఉద్యోగాలు ఉండవని అందరూ అంటున్నారు. దాని బదులు 'మెడికల్ ఇమేజింగ్‌లో ఏఐ' అని ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేయించి సాఫ్ట్‌వేర్ వైపు పంపుదామనుకుంటున్నాను. పైగా ఆడపిల్ల, రేడియేషన్ భయం ఒకటి. రెండు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, అసలు బెంగ వేరే ఉంది. ఇన్నేళ్లు చదివించాక అమ్మాయి చేతికి పని లేకుండా పోతుందేమోనని. ఇదే బెంగతో రాసే తల్లిదండ్రులు ఈమధ్య చాలామంది అయ్యారు, అందుకే ముందు దానికే జవాబు చెప్తాను. అమ్మాయి ఎంచుకున్న పని ఇప్పట్లో పోయేది కాదని నా గట్టి నమ్మకం. ఆ పని ఏమిటో దగ్గరగా చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

ఏఐ చదివేస్తుందంటున్నారు కదా, స్కాన్ చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, అంటే డాక్టరు. మీ అమ్మాయి కాబోయేది టెక్నాలజిస్టు. ఆమె పని ఆ స్కాన్ తీయడం. ఈ తేడా చూసుకోకుండానే చాలామంది ఇళ్లలో నిర్ణయాలు జరిగిపోతున్నాయి.

ఊపిరితిత్తుల ధమనిలో రక్తం గడ్డ ఉందేమోనన్న అనుమానంతో ఒక మనిషిని సీటీకి తెచ్చారనుకోండి. మోచేతి మడతలో 18 లేదా 20 గేజ్ క్యాన్యులా (రక్తనాళంలోకి మందు ఎక్కించే సన్నగొట్టం, గేజ్ దాని లావు కొలత) ఉండాలి, ఎందుకంటే రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు సెకనుకు 4, 5 మిల్లీలీటర్ల వేగంతో వెళ్తుంది. క్యాన్యులా సరిగా కుదరకపోతే ఆ మందు చర్మం కింద చేరి చెయ్యి ఉబ్బిపోతుంది, కాబట్టి ముందు సెలైన్ ఎక్కించి చూసుకోవాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో చూడాలి, ఇంతకుముందు ఈ మందు పడక ఇబ్బంది అయిందేమో అడగాలి. తర్వాత తెరమీద ధమని మీద చిన్న వలయం గుర్తుపెట్టి, మందు అక్కడికి చేరగానే స్కాన్ మొదలయ్యేలా మిషన్‌ను సెట్ చేయాలి. ఇక్కడ చాలామంది కొత్తవాళ్లు చేసే తప్పు, 'గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి' అనడం. గాఢంగా పీల్చగానే పొట్టవైపు నుంచి మందు కలవని రక్తం ఒక్కసారిగా గుండెలోకి దూసుకొస్తుంది. సరిగ్గా చూడాల్సిన ఆ రెండు మూడు సెకన్లలో ధమనిలో కాంట్రాస్ట్ పలచబడిపోతుంది. మెల్లగా పీల్చి ఆపమనాలి. ఆయాసంతో, భయంతో ఉన్న మనిషి చేత ముందే ఒకసారి చేయించి చూసుకోవాలి. అక్కడ తప్పితే ఆ స్కాన్‌లో గడ్డ ఉందో లేదో రేడియాలజిస్టూ చెప్పలేరు, సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. మళ్లీ తీయాలంటే మళ్లీ మందు, మళ్లీ రేడియేషన్.

మామూలు ఛాతీ ఎక్స్‌రే అయినా అంతే. నిలబెట్టి, ఛాతీని డిటెక్టర్‌కు, అంటే బొమ్మ పట్టే పలకకు, ఆనించి, 180 సెంటీమీటర్ల దూరం నుంచి, నిండా ఊపిరి పీల్పించి తీయాలి. మనిషి కాస్త పక్కకు తిరిగి ఉంటే ఒక ఊపిరితిత్తి నల్లగా, రెండోది తెల్లగా పడుతుంది. ఊపిరి చాలకపోతే కిందిభాగం న్యుమోనియాలా కనిపిస్తుంది. లేవలేని రోగికి మంచం మీదే ముందువైపు నుంచి తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దదిగా పడుతుంది. ఇవేవీ జబ్బులు కావు, తీసిన తీరులో వచ్చిన తేడాలు. డిజిటల్ వచ్చాక ఒక కొత్త చిక్కు కూడా చేరింది. ఫిల్మ్ రోజుల్లో ఎక్స్‌రే ఎక్కువ పడితే ఫిల్మ్ నల్లబడి తప్పు కంటికే కనిపించేది. ఇప్పుడు కంప్యూటర్ వెలుతురు సర్దేసి చక్కటి బొమ్మ చూపిస్తుంది. తక్కువ పడితే బొమ్మ గరుకుగా వస్తుంది, డాక్టరు తిట్టిపోస్తారు. ఎక్కువ పడితే ఎవరూ ఏమీ అనరు. దాంతో డోసు మెల్లగా పెంచుకుంటూ పోయే చెడ్డ అలవాటు పడుతుంది, నష్టం రోగికి. అందుకే తెరమీద డీవియేషన్ ఇండెక్స్ అనే అంకె వస్తుంది. సున్నా ఉంటే సరిగ్గా తీసినట్టు, +3 ఉంటే డిటెక్టర్‌కు కావలసినదానికి రెట్టింపు పడినట్టు. ప్రతిసారీ ఆ అంకె చూసుకునే టెక్నాలజిస్టు దొరకడం ఆ విభాగం అదృష్టం.

ఇక మీ ఆరు నెలల సర్టిఫికెట్ సంగతి. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను.

2016లో జెఫ్రీ హింటన్ ఒక సభలో, రేడియాలజిస్టులకు ఇక శిక్షణ ఆపేయాలి, అయిదేళ్లలో యంత్రమే మేలుగా చదువుతుందన్నారు. ఈ ఏఐ విద్యకు మూలపురుషుల్లో ఒకరాయన, 2024లో నోబెల్ కూడా వచ్చింది. ఆ అయిదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి, శిక్షణ మాత్రం ఆగలేదు. అంతకుముందూ ఇలాంటి ఉత్సాహం ఒకటి నడిచింది. మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, అనుమానమున్న చోట గుర్తు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు అమెరికాలో 1998లో అనుమతి ఇచ్చారు. చాలా ఆస్పత్రులు దాన్ని కొన్నాయి. 2015లో వచ్చిన పెద్ద అధ్యయనంలో దానివల్ల కచ్చితత్వం పెరగలేదని తేలింది. అలాగని ఇప్పటి ఏఐ అంతా వట్టిదని అనను. స్వీడన్‌లో 80 వేలమంది మహిళలతో చేసిన మామోగ్రామ్ పరిశీలన ఫలితాలు 2023లో వచ్చాయి. ఏఐ తోడుంటే క్యాన్సర్లు దొరకడం తగ్గలేదు, డాక్టర్లు చదవాల్సిన భారం మాత్రం 44 శాతం తగ్గింది. అది మంచి సాయం. కానీ దాన్ని తయారుచేసింది ఆరు నెలల కోర్సు చేసినవాళ్లు కాదు.

ఆ కోర్సుల్లో సాధారణంగా ఏం చేయిస్తారంటే, అందరికీ ఉచితంగా దొరికే ఎక్స్‌రేల సమూహం ఒకటి దించుకుని, దానిమీద ఒక మోడల్‌ను, అంటే ఆ బొమ్మల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌ను, నడిపి, '95 శాతం కచ్చితం' అని చూపిస్తారు. అలాంటి వాటిలో పేరున్నది 2017లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ విడుదల చేసింది, అందులో 1,12,120 ఛాతీ ఎక్స్‌రేలున్నాయి. వాటి మీది జబ్బు పేర్లు డాక్టర్లు బొమ్మ చూసి పెట్టినవి కావు, పాత రిపోర్టుల్లోంచి ఒక ప్రోగ్రామ్ ఏరినవి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని గుర్తున్న ఎక్స్‌రేలు చాలావాటిలో, గాలి తీయడానికి వేసిన గొట్టం అప్పటికే ఉంది. మోడల్ ఆ గొట్టాన్ని పట్టుకుని 'గాలి ఉంది' అంటుంది. గొట్టం ఇంకా వేయని రోగే మనకు ముఖ్యం, అక్కడే తడబడుతుంది. ఒకే రోగివి నాలుగు ఎక్స్‌రేలుంటే రెండు నేర్పడానికి, రెండు పరీక్షించడానికి పెట్టేస్తే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, చూసి రాసిన పరీక్షలాగా. విడగొట్టాల్సింది రోగుల వారీగా. ఈ సంగతి చెప్పని కోర్సుకు డబ్బు కట్టకండి.

లెక్క ఒకటి మీరే వేసి చూడండి. వెయ్యిమందిలో పదిమందికి జబ్బు ఉంది. ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుని, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగా వదిలేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. తొమ్మిది నిజమైన కేసులతోపాటు 99 మంది ఏ జబ్బూ లేనివాళ్లనూ పట్టుకుంటుంది. ఆ 108 మందినీ మళ్లీ చూడాలి, కొందరికి మళ్లీ స్కాన్ తీయాలి. టెక్నాలజిస్టు పని ఇక్కడ తగ్గిందా, పెరిగిందా?

కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయి మాట ఒక్క వాక్యం, మిగతాదంతా 'అందరూ' అన్నది, మీరు అనుకున్నది. ఆ అందరిలో ఒక్కరైనా సీటీ గదిలో ఒక పూట నిలబడ్డారా? సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తే అమ్మాయి పక్కన నిలబడేది ఏళ్ల తరబడి గణితం, ప్రోగ్రామింగ్ చదివినవాళ్లు. జీవశాస్త్రం చదువుకుని, ఇష్టం లేకుండా, ఆరు నెలల కాగితం పట్టుకుని వాళ్లతో పోటీకి పంపడాన్ని మీరు భద్రత అంటున్నారు. నాకు అందులో భద్రత కనిపించడం లేదు.

రేడియేషన్ గురించి: పనిచేసేవారికి అంతర్జాతీయ సిఫార్సు, అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోసు కొలత) దాటకూడదని. సీసపు అద్దం వెనక నిలబడి, పడిన రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జి పెట్టుకుని పనిచేసేవారికి సాధారణంగా దీనికి చాలా తక్కువే పడుతుంది. గర్భం వస్తే వెంటనే చెప్పాలి, విధులు మారుస్తారు. అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో ఈ రేడియేషనే లేదు. ఎమ్మారైలో జాగ్రత్త వేరే: స్కాన్ నడవకపోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది, ఇనుప ఆక్సిజన్ సిలిండర్‌ను గదిలోకి తెస్తే గాల్లో ఎగిరి వెళ్తుంది.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు భవనాలు చూసి రాకండి. లైసెన్సుకు, రిజిస్ట్రేషన్‌కు ఆ డిగ్రీ పనికొస్తుందో లేదో ముందు కనుక్కోండి. విద్యార్థులకు రేడియేషన్ బ్యాడ్జి ఇస్తారా, రోగిని పడుకోబెట్టి పొజిషన్ చేయడం వాళ్ల చేత చేయిస్తారా, లేక మూలన నిలబెట్టి చూడమంటారా అడగండి. పనికిరాక మళ్లీ తీసిన ఎక్స్‌రేలను దాచి, ఎందుకు పాడయ్యాయో కూర్చోబెట్టి చెప్పే విభాగమైతే కళ్లు మూసుకుని చేర్పించండి. స్కాన్ బొమ్మలను భద్రపరిచి చూపించే పాక్స్ వర్క్‌స్టేషన్ విద్యార్థులకు అందుబాటులో ఉండాలి. ఒక సీటీలో వందల ముక్కలుంటాయి, ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది: నీరు 0, గాలి మైనస్ 1000. ఆ అంకెల్లో ఏ మేరను తెరమీద చూపాలో ఎంచుకోవడాన్ని విండో అంటారు: మెదడు చూడాలంటే ఒక విండో, ఊపిరితిత్తులు చూడాలంటే ఇంకోటి. ఫోన్‌లో ఫార్వర్డ్ చేసిన ఫొటోలో ఆ విండో మార్చే వీలే ఉండదు. అలాంటి ఫొటోలతో పాఠం చెప్పే చోట నేర్చుకునేది తక్కువ. పైగా రోగి వివరాలు బయటపడే ముప్పు కూడా ఉంది: అల్ట్రాసౌండ్ ఫొటోల్లో తరచూ రోగి పేరు బొమ్మలోనే అచ్చయి ఉంటుంది, ఫైలు పేరు మార్చినంత మాత్రాన పోదు.

ఏఐ మీద అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉంటే డిగ్రీ చివర్లో డైకామ్ (స్కాన్ బొమ్మల ఫైళ్ల ప్రమాణం), పాక్స్ నిర్వహణ, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోనివ్వండి. మోడల్ ఎక్కడ తప్పు చెబుతోందో ముందుగా అనుమానం వచ్చేది బొమ్మ తీసిన మనిషికే కాబట్టి, ఆ వరుసలో వెళ్తే రెండు చదువులూ పనికొస్తాయి.

ఫీజు కట్టేముందు ఒక రోజంతా ఇమేజింగ్ విభాగంలో కూర్చోనిచ్చే చోటు చూసి పంపండి. చెయ్యి విరిగి ఏడుస్తున్న పిల్లవాణ్ణి కదలకుండా పట్టుకోవడం, ఎమ్మారై సొరంగంలోంచి బయటికి తీయమని కేకలేస్తున్న పెద్దాయనకు నచ్చజెప్పడం చూశాక కూడా చేరతానంటే ఇంక ఆలోచించకండి. అవి చూసి, రోగులతో పని వద్దు, కంప్యూటరే కావాలంటే మాత్రం ఆ సర్టిఫికెట్ కాకుండా గణితంతో కూడిన పూర్తి డిగ్రీ గురించి మాట్లాడదాం. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.