టెక్ సందేహాలు: లైనక్స్‌లో పాట, వీణ, మృదంగం... దేని ట్రాకు దానికే

ప్రశ్న: నేను సంగీతం టీచర్‌ని. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మా అబ్బాయి లైనక్స్ మింట్ వేసిచ్చాడు. పిల్లలు పాడే కీర్తనలు రికార్డు చేయాలని నా కోరిక. ముందు తంబురా, తర్వాత వీణ, దానిమీద పాట, చివరికి మృదంగం, ఇలా విడివిడిగా అనుకున్నాను. ఆడాసిటీలో మొదలుపెడితే, రెండో ట్రాకు మొదటిదానికంటే కాస్త వెనకబడుతోంది. తాళం తప్పినట్టుంది. ఇంకేదైనా మంచి సాఫ్ట్‌వేర్ చెప్పండి.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, టెన్షన్ పడకండి. మీ పిల్లల తాళం తప్పలేదు. హెడ్‌ఫోన్లో వీణ వినిపించడానికి కొంత సమయం, పాప గొంతు మైకులోంచి కంప్యూటర్లోకి చేరడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఈ ఆలస్యాన్నే లేటెన్సీ అంటారు. దాన్ని సరిచేయడానికి ఆడాసిటీ ప్రతి కొత్త రికార్డింగునూ తనంతట తానే 130 మిల్లీసెకన్లు ఎడమవైపుకు, అంటే ముందు సమయానికి జరుపుతుంది. ఆ అంకె అన్ని కంప్యూటర్లకూ సరిపోదు. మీ ల్యాప్‌టాప్‌కి ఎంత కావాలో మీరే కొలవచ్చు.

జనరేట్ మెనూలోని రిథమ్ ట్రాక్‌తో టిక్కు టిక్కుమనే చప్పుడు ఒక ట్రాకు చేసుకోండి. హెడ్‌ఫోన్ ఒక వైపును మైకుకు ఆనించి, ఆ చప్పుడునే రెండో ట్రాకుగా రికార్డు చేయండి. తర్వాత రెండింటినీ బాగా పెద్దవి చేసి చూడండి. పై ట్రాకులో టిక్కు ఉన్న చోటికి, కింది ట్రాకులో అదే టిక్కు ఉన్న చోటికి మధ్య ఖాళీ కనిపిస్తుంది. కింది టిక్కు 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఉందనుకోండి, ప్రిఫరెన్సెస్‌లో ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లి లేటెన్సీ కాంపెన్సేషన్ దగ్గర మైనస్ 130ని మైనస్ 170 చేయండి. మళ్లీ ఒకసారి పరీక్షించండి.

ఒకటి రెండు గొంతులకైతే ఆడాసిటీతోనే ఉండమనేవాణ్ణి. మీరు చెబుతున్న పనికి మాత్రం నా ఓటు ఆర్డోర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కే. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఏ-ఆర్-డి-ఓ-యు-ఆర్ అని టైప్ చేస్తే దొరుకుతుంది. మింట్ ఇచ్చేది ఉచితం. ఆర్డోర్ సొంత వెబ్‌సైటులో సోర్స్ కోడ్ ఉచితం, కానీ సిద్ధంగా నడిచే ప్రోగ్రాము కావాలంటే ఎంతో కొంత కట్టాలి. అక్కడి ఉచిత డెమో పది నిమిషాల తర్వాత మధ్యమధ్య మూగబోతుంది, దాంతో కీర్తన రికార్డు చేయడానికి కూర్చోకండి. మింట్‌లోది వాడి చూడండి, పనికొస్తే వాళ్లకు నాలుగు డబ్బులు పంపండి. పాల్ డేవిస్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ పని పాతికేళ్లుగా ఆగకుండా నడుస్తోందంటే అలాంటి చందాలే కారణం.

ఆర్డోర్ ఎందుకంటే, ప్లేలిస్టుల కోసం. ఒకే ట్రాకులో ఒక పాప చరణం మూడుసార్లు పాడితే మూడూ ఉంటాయి. మొదటిసారి సంగతి బాగుంది, మూడోసారి ముగింపు బాగుంది అనుకుంటే ఆ రెండు ముక్కలూ కలుపుకోవచ్చు. అసలు రికార్డింగు చెక్కు చెదరదు. తాళానికి కూడా చోటుంది. ఆదితాళానికి మీటరు 8/4 అనీ, మిశ్రచాపుకి 7/8 అనీ పెట్టుకుంటే గీతలు ఆవర్తనాల లెక్కన పడతాయి. రాగాలాపన దగ్గర క్లిక్కు చప్పుడు, గ్రిడ్డు రెండూ ఆపేయండి. ఆలాపనను గీతలకు కట్టేస్తే దాని ప్రాణం పోతుంది.

మొదటిసారి తెరిచినప్పుడు ఆడియో సిస్టమ్ ఏదని అడుగుతుంది. ఆల్సా (లైనక్స్‌లో శబ్దాన్ని నడిపే వ్యవస్థ) ఎంచుకుని, ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌నే (మైకునూ హెడ్‌ఫోన్‌నూ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) చూపించండి. ఆర్డోర్ తెరిచి ఉన్నంతసేపూ ఆ ఇంటర్‌ఫేస్ దాని చేతిలోనే ఉంటుంది, కాబట్టి బ్రౌజర్‌లో వీడియో పెడితే శబ్దం రాకపోవచ్చు. ఏదో పాడైందని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి.

అక్కడే బఫర్ సైజ్ కూడా కనిపిస్తుంది, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు ఎంత శబ్దం తీసుకోవాలనే అంకె. 48,000 శాంపిల్ రేటులో (శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలవడం) 256 పెడితే ఒక్కో బఫరుకు పట్టేది 5.3 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం అంతసేపట్లో ఆరడుగులు ప్రయాణిస్తుంది, అంటే ఆరడుగుల దూరంలో కూర్చున్న మృదంగం విన్నట్టు. రానూపోనూ కలిపితే ఇంకా పెరుగుతుంది. పాతయంత్రం మీద 256లో టపటపమని శబ్దాలొస్తే 512కి, 1024కి పెంచండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే దాన్నే వాడండి. గొంతు కంప్యూటర్లోకి వెళ్లి రాకుండా నేరుగా చెవికి చేరుతుంది, పాపకు ఏ ఆలస్యమూ తెలియదు. అప్పుడు ఆర్డోర్ ప్రిఫరెన్సెస్‌లో మానిటరింగ్ (పాడేవారికి తమ గొంతు వినిపించడం) బాధ్యత ఆడియో హార్డ్‌వేర్‌దని చెప్పాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెబుతాను. వీలైతే పిల్లల్ని కలిపి కూర్చోబెట్టండి. మృదంగం వాయించే అబ్బాయి పాడే పాప ముఖం చూస్తూ వాయిస్తాడు, ఆమె ఎక్కడ ఆగబోతోందో ముందే పట్టుకుంటాడు. విడిగా గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే అది దొరకదు. గొంతుకి ఒక మైకు, వీణకి ఒకటి, మృదంగానికి కుడివైపు ఒకటి, తొప్పి వైపు ఒకటి, మొత్తం నాలుగు. నాలుగు మైకు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు అది క్లాస్ కంప్లయంటేనా అని అడగండి. అలాంటివి లైనక్స్‌లో విడిగా డ్రైవర్ ఏమీ వేయకుండానే పనిచేస్తాయి. ఒకరి మైకులోకి ఇంకొకరి శబ్దం కొంత వస్తుంది, వచ్చినా పర్లేదు. తంబురాను మాత్రం ముందే విడిగా రికార్డు చేసుకుని, ఆ శృతికే వీణ, మృదంగం సరిచేయించండి. ఐదు శృతిలో చేసినదాన్ని తర్వాత ఐదున్నరకు జరపాలంటే గొంతు స్వభావం మారిపోతుంది.

డిస్కు సంగతి. ఆర్డోర్ మామూలుగా 32 బిట్‌లో దాస్తుంది. నాలుగు ట్రాకులు ఒక గంటకు సుమారు 2.8 జీబీ. పది గంటల సాధనకు 30 జీబీ ఖాళీ ఉంచుకోండి.

ప్రశ్న: మా చర్చి క్వయర్‌ని పదహారు మైకులతో రికార్డు చేయాలి. మా మిక్సర్‌కి యూఎస్‌బీ ఉంది. ఉబుంటు ల్యాప్‌టాప్‌కి కలిపితే రెండే ట్రాకులు వస్తున్నాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొంటే పదహారూ వస్తాయా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఇంకా డబ్బు కట్టకండి. చాలా మిక్సర్ల యూఎస్‌బీ, అన్ని చానళ్లనూ కలిపేసిన స్టీరియో మిక్స్ మాత్రమే బయటికి ఇస్తుంది. కలిసిపోయి వచ్చినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పదహారుగా విడదీసి ఇవ్వలేదు. మిక్సర్ మాన్యువల్‌లో మల్టీట్రాక్ యూఎస్‌బీ అనిగానీ, ఎన్ని ఇన్‌పుట్లు, ఎన్ని అవుట్‌పుట్లు అనిగానీ రాసి ఉందేమో చూడండి. లేకపోతే మార్చాల్సింది మిక్సర్. ఎక్స్ఆర్18 లాంటి డిజిటల్ మిక్సర్లు 18 చానళ్లు విడివిడిగా యూఎస్‌బీలో పంపుతాయి, లైనక్స్ వాటిని గుర్తిస్తుంది.

రీపర్ గురించి అడిగారు కాబట్టి: ఓపెన్‌సోర్స్ కాదు గానీ లైనక్స్‌కి నేరుగా తయారుచేసింది, బరువు తక్కువ. 60 రోజులు వాడి చూడవచ్చు, ఆ తర్వాత చిన్న లైసెన్సు 60 డాలర్లు. మిక్సర్ సంగతి తేలాక ముందు ఆర్డోర్‌తో చేసి చూడండి.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ట్రాకు మీద ట్రాకు పాడొచ్చా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. బ్లూటూత్‌లో ఆలస్యం చాలా ఎక్కువ, పైగా అందులోని మైకు వాడగానే శబ్దం ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. తీగ ఉన్న మామూలు హెడ్‌ఫోన్ చాలు.

ప్రశ్న: ఆర్డోర్‌లో చేసిన పాట ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి అన్నయ్య కంప్యూటర్లో తెరిస్తే ట్రాకులన్నీ ఖాళీగా ఉన్నాయి. పాట పోయినట్టేనా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పోలేదమ్మా, మీ కంప్యూటర్లోనే భద్రంగా ఉంది. మీరు తీసుకెళ్లింది సెషన్ ఫైలు మాత్రమే. అందులో ఏ ముక్క ఎక్కడుండాలో రాసి ఉంటుంది, శబ్దం ఉండదు. గొంతులన్నీ అదే ఫోల్డర్లోని ఇంటర్‌చేంజ్ అనే లోపలి ఫోల్డర్లో ఉంటాయి. సెషన్ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. లేదంటే సెషన్ మెనూలో ఆర్కైవ్ నొక్కితే అంతా ఒకే ఫైలుగా కట్టి ఇస్తుంది, దాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అన్నయ్య కంప్యూటర్లో తెరిచి, మొదటి నుంచి చివరి దాకా విన్నాకే మీ దగ్గరున్నది తీసేయండి.