ఒకే ఇంట్లో రెండు అలకలు

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది న్యూజెర్సీలోని ఎడిసన్. బేస్‌బాల్‌లో నాకు ఓనమాలు కూడా రావు. మా పన్నెండేళ్ల అబ్బాయికి యాంకీస్ పిచ్చి, వాళ్ల నాన్నకి మెట్స్ పిచ్చి; రెండూ న్యూయార్క్ జట్లే. 2024 డిసెంబరులో హువాన్ సోటో యాంకీస్‌ని వదిలి మెట్స్‌లో చేరాడని మావాడు తన 22 నంబరు జెర్సీ తీసుకెళ్లి గరాజ్‌లో పాత పెయింట్ డబ్బాల వెనక పడేశాడు. ఈయన వాణ్ని తెగ ఏడిపించారు. ఏడాది తిరిగేసరికి పీట్ అలోన్సో మెట్స్‌ని వదిలి బాల్టిమోర్ వెళ్లిపోయాడట. ఇప్పుడు ఈయన భోజనాల దగ్గర కూడా నోరు విప్పట్లేదు, వాడేమో ఇకిలిస్తున్నాడు. వీళ్లకి నేనేం చెప్పాలి? అసలు అంత బాగా ఆడేవాళ్లు ఉన్నచోట ఎందుకుండరు?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అమ్మాయ్, ముందే చెప్పేస్తున్నాను, నేను యాంకీస్ మనిషిని. నా మాటల్లో మీ అబ్బాయి వైపు కాస్త మొగ్గు కనిపిస్తే సర్దుకో.

వాడి బాధ ఉత్తిది కాదు. సోటో యాంకీస్‌కి ఆడింది ఒక్క సీజనే. కానీ ఎలాంటి సీజను! 41 హోమ్ రన్‌లు, మన క్రికెట్లో సిక్సర్ల లాంటివి. అక్టోబరులో క్లీవ్‌లాండ్ మీద అదనంగా ఆడాల్సొచ్చిన పదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద ఉండగా కొట్టిన హోమ్ రన్‌తోనే 2009 తర్వాత మొదటిసారి మా జట్టు వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, వెళ్లింది. ఆ రాత్రి మా కాలనీలో యాంకీస్ వాళ్లెవరూ పడుకోలేదు. వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ చేతిలో ఓడిపోయాం, అది వేరే ఏడుపు. రెండు నెలలైనా కాకముందే అతను పోయాడు. పోతే పోయాడు, ఏ శాన్‌ఫ్రాన్సిస్కోకో పోకుండా అదే ఊళ్లో ఉన్న మెట్స్‌కి! పన్నెండేళ్లవాడు జెర్సీ విసిరేయక ఏం చేస్తాడు?

అయితే వాడు 'ద్రోహి' అంటున్నాడేమో చూడు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. నేను బ్యాంకులో పనిచేసినవాణ్ని. తెనాలి నుంచి కడపకి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రావడం వేరు, మనమే రాజీనామా ఇచ్చి నచ్చినచోట చేరడం వేరు. సోటోకి అప్పటిదాకా అందినవన్నీ ఆర్డర్లే. పదహారేళ్లకి వాషింగ్టన్ జట్టుతో సంతకం పెట్టాడు. 2019లో వాళ్లకి వరల్డ్ సిరీస్ గెలిపించడంలో పెద్ద చెయ్యి అతనిది. 2022లో వాళ్లు ఇస్తామన్న 15 ఏళ్ల, 44 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వద్దన్నాడు. ఆ ఆగస్టులోనే అతన్ని శాన్‌డియేగోకి పంపేశారు. 2023 డిసెంబరులో శాన్‌డియేగో వాళ్లు యాంకీస్‌కి పంపారు. మా దగ్గరికి రావడం కూడా అతను ఎంచుకున్నది కాదు. ఆ రోజు మేం పండగ చేసుకున్నాం, శాన్‌డియేగో పిల్లలు ఏ జెర్సీలు విసిరేశారో అడగలేదు.

ఇక్కడి రూలు ఇది. మేజర్ లీగ్‌లో, అంటే ఇక్కడి పైస్థాయి బేస్‌బాల్‌లో, ఆరేళ్ల సర్వీసు నిండితే, చేతిలో కాంట్రాక్టు లేకపోతే, ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు. అప్పుడు ఏ జట్టుకి వెళ్లాలో అతని ఇష్టం. ఈ హక్కు ఊరికే రాలేదు. ఒకప్పుడు జట్టు వదిలితే తప్ప ఆటగాడు కదలడానికి లేదు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనని అడక్కుండా ఫిలడెల్ఫియాకి ఇచ్చేస్తే కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాడు వెళ్లనని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, అతని కెరీరే పోయింది. 1975 డిసెంబరులో పీటర్ సీట్జ్ అనే మధ్యవర్తి మరో ఇద్దరు పిచర్ల (బంతి విసిరేవాళ్ల) కేసులో ఆటగాళ్ల పక్షాన తీర్పు ఇచ్చాకే తలుపు తెరుచుకుంది. సోటో ఆ తలుపులోంచే బయటికి నడిచాడు.

డబ్బు కోసమే పోయాడంటారు. మెట్స్ 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం యాంకీస్ 16 ఏళ్లకి 76 కోట్లు ఇస్తామంది. ఏడాది లెక్కన చూస్తే మెట్స్‌ది దాదాపు 35 లక్షలు ఎక్కువ. డబ్బు ఎవరికీ చేదు కాదుగానీ, ఆ స్థాయిలో డబ్బొక్కటే తేల్చిందంటే నమ్మను. పైగా యాంకీస్ వాళ్లం మనం ఆ మాట అనొచ్చా? 2005లో బోస్టన్ నుంచి జానీ డేమన్‌ని, 2019లో హ్యూస్టన్ నుంచి గెరిట్ కోల్‌ని తెచ్చుకున్నది డబ్బు పెట్టే కదా!

మరి బూ అనకూడదా అంటే, భేషుగ్గా అనొచ్చు. 2025 మే 16న సోటో మెట్స్ జెర్సీలో యాంకీ స్టేడియానికి వచ్చాడు. మా అల్లుడు టికెట్లు తెచ్చాడు, వెళ్లాను. అతను బ్యాట్ పట్టుకుని రాగానే స్టేడియం మొత్తం బూ. నా గొంతూ అందులో ఉంది, దానికేం సిగ్గుపడను. అతను హెల్మెట్ తీసి జనానికి వందనంలా ఊపాడు. రైట్ ఫీల్డ్ వెనక బ్లీచర్లలో (చౌక సీట్లలో) జనం అతనికి వీపు తిప్పి నిలబడ్డారు. ఆ రాత్రి 6-2తో మేమే గెలిచాం. ఇంటికెళ్తూ రైల్లో మేమందరం మాట్లాడుకున్నది మాత్రం అతని బ్యాటింగ్ గురించే.

ఇక మీ ఆయన సంగతి. నన్నడిగితే ఈయన గాయమే పెద్దది. సోటో వెళ్లిపోయాడు, అలోన్సోని వెళ్లనిచ్చారు. 2016లో మెట్స్ తనే ఎంచుకుని పెంచుకున్న కుర్రాడు. 2019లో మొదటి సీజన్లోనే 53 హోమ్ రన్‌లు కొట్టాడు, కొత్త ఆటగాళ్లలో అది రికార్డు. 2024 అక్టోబరులో మిల్వాకీలో ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 2-0తో వెనకబడి, ఇక సీజన్ అయిపోయిందనుకున్నప్పుడు అతని హోమ్ రన్ జట్టుని బతికించింది. మెట్స్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ హోమ్ రన్‌లు అతనివి, 264. అతనికి 31 నిండాయి, ఫస్ట్ బేస్‌లో ఫీల్డింగ్ అంతంతమాత్రం. అలాంటివాళ్లకి ఎక్కువ ఏళ్ల కాంట్రాక్టు ఇవ్వడానికి నేటి మేనేజ్‌మెంట్లు జంకుతాయి. బాల్టిమోర్ ఐదేళ్లకి 15.5 కోట్ల డాలర్లు ఇచ్చింది, వెళ్లాడు. మేనేజ్‌మెంట్ లెక్క తప్పని నేననను. కానీ ఏడేళ్లు ఒక మనిషి పేరు అరిచినవాడికి ఆ లెక్కతో పనేంటి? పైగా ఆ వారంలోనే మెట్స్ పిచర్ ఎడ్విన్ డియాజ్ కూడా డాడ్జర్స్‌కి పోయాడు. కాబట్టి మీ ఆయన్ని కొన్నాళ్లు వదిలెయ్. 'ఆటే కదండీ' అని మాత్రం అనకు. ఆ మాట విన్న అభిమాని ఎవరూ అన్నం సరిగ్గా తినరు.

అబ్బాయితో ఒక్కటి చెప్పు: నాన్నని ఏడిపించడానికి ఒక వారం గడువు, తర్వాత ఆపెయ్యాలని. వాడూ పడ్డాడు కాబట్టి ఆ వారం వాడికి న్యాయంగా రావాల్సిందే. తర్వాత ముగ్గురూ ఒకసారి బాల్టిమోర్ వెళ్లండి, ట్రాఫిక్ కరుణిస్తే కారులో మూడు గంటలు. యాంకీస్, బాల్టిమోర్ ఒకే డివిజన్ (గ్రూపు), అక్కడ వాళ్ల మ్యాచ్‌లు ఏటా ఉంటాయి. అబ్బాయికి తన జట్టు, ఆయనకి అలోన్సో. నువ్వు పులిహోర కట్టుకో, కానీ లోపలికి ఎంతవరకు రానిస్తారో ముందే స్టేడియం రూల్స్ చూసుకో.

ప్రశ్న: ఇదంతా మన ఐపీఎల్ వేలం లాంటిదే కదా బాబాయ్ గారూ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాదు బాబూ, దాదాపు తిరగేసినట్టు. వేలంలో ఎవరు పాట ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్లవాడు, అతని ఇష్టాన్ని అడిగేవాళ్లుండరు. 2024 నవంబరులో రిషభ్ పంత్‌కి లక్నో 27 కోట్లు పెట్టింది, అతను లక్నో అయ్యాడు. జట్టు ఖర్చుకి పరిమితి కూడా ఉంటుంది. బేస్‌బాల్‌లో అలాంటి గట్టి పరిమితి లేదు, ఒక గీత దాటితే పన్ను కట్టాలి, అంతే. ఫ్రీ ఏజెంట్ అందరి ఆఫర్లూ విని తను ఎంచుకుంటాడు.

అయితే అలోన్సో విషయంలో నీకు తెలిసిన పోలిక ఒకటుంది: డేవిడ్ వార్నర్. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిన కెప్టెన్. మన పాటలకి స్టెప్పులేసి తెలుగువాళ్లింట్లో పిల్లాడైపోయాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేసి, తర్వాత జట్టులోంచే వదిలేశారు. 2022లో ఢిల్లీ తరఫున వచ్చి హైదరాబాద్ మీదే 92 నాటౌట్ కొట్టాడు. ఆ రోజు నువ్వెవరి వైపు ఉన్నావో గుర్తు తెచ్చుకో, ఎడిసన్ ఆయన బాధ ఇట్టే తెలుస్తుంది.