ప్రోగ్రామింగ్ రాకపోయినా జెడ్88 ఓజెడ్‌కు ఏమి చేయవచ్చు?

మీరు అడిగినవి రెండు. తాతగారి బీరువాలో కేంబ్రిడ్జ్ జెడ్88 అనే పాత చిన్న కంప్యూటర్ దొరికింది, దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఓజెడ్‌ను ఔత్సాహికులు ఇంకా ముందుకు తీసుకువెళ్తున్నారని తెలిసింది, అసెంబ్లీ భాష రాని మీరు ఆ పనికి ఏ విధంగానైనా పనికివస్తారా అన్నది మొదటిది. అందులో తెలుగు వస్తుందా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు అవును. రెండోదాని సంగతి చివర్లో చెబుతాను.

నాకూ ప్రోగ్రామింగ్ రాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో లెక్కలు రాస్తాను. లండన్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చిన మా మేనమామ తన జెడ్88ను నా చేతిలో పెట్టి, "పారేయడానికి మనసొప్పడం లేదురా, నువ్వే ఉంచుకో" అన్నాడు. 1987లో బ్రిటన్‌కు చెందిన ఆవిష్కర్త క్లైవ్ సింక్లెయిర్ సంస్థ తెచ్చిన యంత్రం ఇది. ఏ4 కాగితమంత వైశాల్యం, కిలోకు లోపు బరువు, ఎనిమిది వరుసల తెర, 32 కేబీ ర్యామ్ (మనం రాసుకున్నది ఉండే తాత్కాలిక మెమరీ), 128 కేబీ రోమ్ (ఓజెడ్ ఉండే శాశ్వత మెమరీ). నాలుగు ఏఏ బ్యాటరీలు వేస్తే దాదాపు 20 గంటలు నడుస్తుంది. మీటలు రబ్బరువి. అర్ధరాత్రి పద్దు రాసుకున్నా పక్కగదిలో ఎవరికీ నిద్ర చెడదు.

ఓజెడ్ మీద ఆ ఔత్సాహికుల బృందం చేసిన పని ఎలాంటిదో మా ఆటోనగర్‌లో పనిచేసేవారికి ఇట్టే అర్థమవుతుంది. డ్రాయింగు దొరకని పాత లారీ గేర్‌బాక్సు వస్తే మావాళ్లు దాన్ని విప్పి, ఒక్కో పండ్లచక్రాన్ని కొలిచి, అచ్చం అలాంటిదే చేసి బిగిస్తారు. ఓజెడ్ 4.0 రోమ్‌కు జరిగిందీ అదే. అందులోని బైట్లను (ఒక్కో బైటు 0 నుంచి 255 దాకా ఒక సంఖ్య) ఒక్కొక్కటిగా చదివి, జెడ్80 ప్రాసెసర్ ఆజ్ఞలుగా తిరగరాశారు. చెప్పినంత సులువు కాదు. ఉదాహరణకు 65 అనే బైటు తీసుకోండి. అక్షరంగా చదివితే ఇంగ్లిషు 'ఏ'. ఆజ్ఞగా చదివితే, ప్రాసెసర్ లోపల సి రిజిస్టరు అనే చిన్న గడిలో ఉన్నదాన్ని బి రిజిస్టరులోకి నకలు చేయమని. ఏది ఎక్కడ ఏ అర్థంలో ఉందో బైటు తనంతట తాను చెప్పదు. ఓజెడ్‌లో దీనికి తోడు ఇంకొక మెలిక ఉంది. సిస్టమ్ సేవ కావలసినచోట 231 అనే బైటు వస్తుంది. దాని వెనకే వచ్చే ఒకటో రెండో బైట్లు ఆజ్ఞలు కావు, ఏ సేవ కావాలో చెప్పే సంఖ్య. బైట్లను ఆజ్ఞలుగా మార్చే ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియక వాటినీ ఆజ్ఞలనుకుంటే అక్కడి నుంచి చదివినదంతా తప్పుల తడక. ఆ చిక్కుముళ్లన్నీ విప్పుకున్నాకే కొత్త సౌకర్యాలు చేర్చే పని మొదలవుతుంది. ఉదాహరణకు, ఫైళ్లు దాచుకునే పాత ఈప్రామ్ కార్డును చెరపాలంటే అతినీలలోహిత దీపం కింద పెట్టాలి. ఇప్పుడు యంత్రంలోనే చెరపగల ఫ్లాష్ కార్డులు వాడుకోవచ్చు. ఈ పనిలో మన చేయి పడదు, పడనక్కరలేదు.

మనం చేయగలిగింది నిజమైన యంత్రం మీద నడిపి చూడడం. వారికి ఎమ్యులేటర్ (పీసీలో జెడ్88లా నడిచే ప్రోగ్రామ్) ఉంది, మంచిదే. కానీ ఎమ్యులేటర్‌కు బ్యాటరీ అయిపోదు, రోహిణీ కార్తె ఎండకు తెర నల్లబడదు. మా షాపులో మే నెల మధ్యాహ్నం కుడి పక్కనున్న కాంట్రాస్టు మీటను అటూ ఇటూ జరపనిదే అక్షరాలు కనబడవు.

ఆ బృందానికి పంపిన నా మొదటి నివేదిక తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "కొత్త ఓజెడ్ వేశాక బ్యాటరీ తక్కువగా ఉందని తొందరగా చెబుతోంది." అంతే, ఒక్క వాక్యం. తిరుగు జవాబులో ఐదు ప్రశ్నలు వచ్చాయి: ఏ వెర్షన్, ఏ అరలో ఏ కార్డు, ఏ రకం బ్యాటరీలు, రీసెట్ చేశాక కూడా అలాగే ఉందా, పాత వెర్షన్‌తో పోల్చి చూశారా. మూడో ప్రశ్న దగ్గరే నాకు దొరికిపోయింది. సరిగ్గా అదే వారం గవర్నరుపేటలో రీచార్జి బ్యాటరీలు కొన్నాను. అవి ఒక్కొక్కటి 1.2 వోల్టులు, నాలుగు కలిపితే 4.8. మామూలు బ్యాటరీలైతే 6. ఓజెడ్ ఉన్నమాటే చెప్పింది. అప్పటి నుంచి ఆ ఐదు ప్రశ్నలకూ జవాబులు రాసుకోకుండా నివేదిక పంపలేదు. కొత్త బిల్డ్ (ఓజెడ్ తాజా కూర్పు) వచ్చినప్పుడల్లా, జెడ్88లోనే ఉండే పైప్‌డ్రీమ్ అనే రాతల, లెక్కల ప్రోగ్రామ్‌లో నా పద్దు తెరిచి, కూడికలు కాగితం మీది లెక్కతో సరిపోతున్నాయో లేదో చూస్తాను. ఏ తప్పూ దొరక్కపోతే ఆ మాటే రాసి పంపుతాను. దానికీ "ధన్యవాదాలు" అని జవాబు వస్తుంది.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. బ్యాటరీలు మార్చేటప్పుడు లోపలి కెపాసిటర్ ర్యామ్‌ను కాపాడేది కొద్ది నిమిషాలే. పాత బ్యాటరీలు తీసి టేబుల్ మీద పెట్టానో లేదో, లారీ యజమాని ఒకాయన ఫోను చేసి బిల్లు గురించి వాదన వేసుకున్నాడు. మాట్లాడి వచ్చేసరికి రోజంతా రాసిన పద్దు గాలికి పోయింది. కొత్తవి చేతిలో పట్టుకున్నాకే పాతవి తీయండి, ఫోను పక్కగదిలో పెట్టండి.

రెండోది కేబుల్. జెడ్88 సీరియల్ పోర్టులో తొమ్మిది పిన్నులు చూసి పీసీ కేబుల్ గుచ్చేయకండి. పీసీలో గ్రౌండు 5వ పిన్ను, ఇక్కడ 7వది. నేను ఖాళీ కనెక్టర్లు కొని, మా షాపు ఎలక్ట్రీషియన్‌తో అతికించుకున్నాను. ఆయన "ఎవడు పెట్టాడండీ ఈ వరుస" అని విసుక్కుంటూనే పదిహేను నిమిషాల్లో ముగించాడు. కొత్త ఓజెడ్ వేసే ముందు ఈ కేబుల్‌తో మీ ఫైళ్లన్నీ పీసీలోకి తెచ్చుకోండి. తాతగారి రాతలేవైనా అందులో ఉన్నాయేమో ఎవరికి తెలుసు.

ఇక తెలుగు. మనం సొంతంగా గీసుకునే అక్షరానికి ఇచ్చే గడి 6 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. గళ్ల కాగితం మీద ఒక ఆదివారమంతా కూర్చున్నాను. 'ర', 'గ' కుదిరాయి. 'ల' ఫరవాలేదు. 'ఖ' దగ్గర చేయి ఆగింది. 'త్త' రాయాలంటే ఒత్తుకు కింద చోటు కావాలి, దానికి ఇచ్చేసరికి పైన తలకట్టు కోయవలసివస్తోంది. రెండు గడులు కలిపితే వెడల్పు సరిపోతుంది కానీ ఎత్తు ఎక్కడి నుంచి తెస్తాం? 2022 దాకా మాది కృష్ణా జిల్లా, "కృష్ణా జిల్లా" అని ఆ తెర మీద చూసుకోవాలన్న కోరిక అలాగే ఉండిపోయింది. 'ష్ణా' మూడుసార్లు గీశాను, మూడుసార్లూ చీమ నలిగినట్టే వచ్చింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. మీకు ఓపిక ఉంటే ఫొటో తీసి పెడతాను, 'ష్ణా' నుంచి మీరు మొదలుపెట్టండి.