పేరు దాచుకోండి, ప్రయోగం వివరాలు దాచకండి

ఇంట్లో ఈ. కోలై అనే బ్యాక్టీరియాను పెంచుతున్నాననీ, వ్యర్థాల గురించి నిపుణులను అడగాలని ఉన్నా పేరు బయటపడితే అనుమానాలు వస్తాయని జంకుతున్నాననీ మీరు రాశారు. ఆ జంకు అకారణం కాదు. 2004లో అమెరికాలోని బఫెలోలో స్టీవ్ కర్ట్జ్ అనే కళాకారుడి ఇంట్లో బ్యాక్టీరియా సామగ్రి కనిపించడంతో ఎఫ్‌బీఐ దర్యాప్తు మొదలైంది. చివరికి ఆయనపై ఉన్న అభియోగాలను కోర్టు కొట్టివేసింది 2008లోనే.

అయినా పూర్తిగా చాటుగా అడిగితే, అదే సందేహం ఉన్న మరొకరికి జవాబు అందదు, సలహాలో పొరపాటు ఉంటే సరిదిద్దేవారూ ఉండరు. అందుకే పేరు, చిరునామా, ఫొటోల్లో దాగి ఉండే లొకేషన్ సమాచారం తీసివేసి, ప్రశ్నను మాత్రం బహిరంగంగానే అడగండి. స్ట్రెయిన్ (బ్యాక్టీరియాలో ఉపరకం) పేరు, అందులో యాంటీబయాటిక్ నిరోధక జన్యువున్న ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ఉందా, ఎన్ని మిల్లీలీటర్లు పెంచుతున్నారు అన్నవి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఈ. కోలైలోనే సాధారణంగా హాని చేయని కె-12 రకానికీ, తీవ్రమైన జబ్బు తెచ్చే ఓ157:హెచ్7 రకానికీ ఇచ్చే సలహా ఒకటి కాదు. "ఏదో బ్యాక్టీరియా" అని రాస్తే వచ్చే జవాబూ అలాగే ఉంటుంది!

ఎవరికైనా జబ్బు చేసినా, సూక్ష్మజీవి ఏదో తెలియకపోయినా గోప్యత గురించి ఆలోచించక నేరుగా వైద్యుడిని లేదా జీవభద్రతా నిపుణుడిని సంప్రదించండి. హాని చేయడానికి పనికొచ్చే వివరమైతే ఆ నిపుణుడికే చెప్పాలి, బయట పెట్టకూడదు.

ఇక వ్యర్థాల విషయం: మీది కె-12 అయితే ప్రెషర్ కుక్కర్‌లో 15 పీఎస్ఐ పీడనం, 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు ఉంచండి. బ్లీచ్ కలిపిన ద్రవాన్ని మాత్రం అందులో ఎన్నడూ వేడి చేయకండి, విషవాయువు వెలువడుతుంది.